ఇచ్చేసి కదలరా!

పాత విద్యార్థుల సమ్మేళనం కమిటీ వాళ్లు ఫోన్ చేసి, 88 ఎస్సెస్సెల్సీ బ్యాచ్ తరఫున నువ్వే ఏదో ఒకటి రాయాలన్నారు. హెడ్మాస్టరు గారి బెత్తం గురించి, మైసూరు విహారయాత్రలో ఆగిపోయిన బస్సు గురించి రాసేవాళ్లు ఎలాగూ ఉంటారు. పెద్ద మూర్తి రాయకుండా ఉండడు. నేను తెలుగు మాస్టారి గురించి, మన ఫుట్‌బాల్ జట్టు గురించి రాస్తాను. ఏడో తరగతి, ఎనిమిదో తరగతి నాకు ఇంచుమించు గుర్తే లేవు. తొమ్మిదిలో మాత్రం మన మైదానంలో ఏ మూల గులకరాళ్లు ఎక్కువో, వానపడితే ఏ గోల్ ముందు నీళ్లు నిలిచేవో ఇప్పటికీ చెప్పగలను.

మన జట్టు అప్పటికి ఎలా ఉండేదో మీకు తెలుసు. ఒక్కొక్కణ్ణీ విడిగా చూస్తే అందరూ మంచి ఆటగాళ్లే. మన బుల్లెట్‌గాడి పరుగు అందుకోవడం బెంగళూరు అల్సూరు మొత్తంలో ఎవరి తరమూ కాదు. పావురం అని పిలుచుకునే మన గోలీ గోల్‌లో ఎగిరితే అవతలివాళ్లు కూడా చప్పట్లు కొట్టేవారు. చిన్న మూర్తి ఇద్దర్ని తప్పించి మూడోవాడి దగ్గర బంతి పోగొట్టుకునేవాడు. పదిమందీ బంతి వెంట పడేవాళ్లం. ఒకడి కాలికి బంతి దొరికితే తతిమ్మా వాళ్లం ఆగిపోయి అరిచేవాళ్లం. "కొడో" అని కన్నడంలో ఒకడు, "పోడుడా" అని తమిళంలో ఇంకొకడు, "దేరే" అని హిందీలో మరొకడు. నాలుగు వైపుల నుంచి అరుపులు వస్తుంటే బంతి ఉన్నవాడు తల ఎత్తి చూసేదెప్పుడు? కోచింగ్ అంటే మైదానం చుట్టూ పరుగెత్తించడం, మ్యాచ్‌లో గీత బయట నిలబడి "ముందుకు కొట్టు" అని కేకలేయడం. ముందుకు కొట్టిన బంతి అవతలి బ్యాక్, అంటే గోల్ ముందు కాపలా కాసేవాడి, తలకు తగిలి తిరిగొచ్చేది. స్కూళ్ల టోర్నమెంటులో మొదటి రౌండు దాటిన పాపాన పోలేదు.

దానికి తోడు ఆ ఏడు, 1986లో, మెక్సికో ప్రపంచకప్. దూరదర్శన్‌లో మ్యాచ్‌లు రాత్రి పొద్దుపోయాక వచ్చేవి. చిన్న మూర్తి వాళ్లింట్లో నేలమీద పడుకుని చూసినవాళ్లు ఇది చదువుతూ ఉంటారు. ఇంగ్లండ్ మీద మారడోనా సగం మైదానం ఒక్కడే బంతి తీసుకెళ్లి గోల్ కొట్టాక మనలో పాస్ ఇచ్చేవాడు ఒక్కడూ మిగల్లేదు. గోలీ పావురం కూడా బంతి తీసుకుని సెంటర్ దాకా వచ్చేసేవాడు.

జూన్ 29 ఆదివారం రాత్రి ఫైనల్. సోమవారం మొదటి పీరియడ్ తెలుగు. మాస్టారు వచ్చి, హాజరు పట్టీ మూసి, "రాత్రి ఆఖరి గోల్ ఎవడు కొట్టాడ్రా?" అన్నారు. క్లాసంతా ఒక్క గొంతుతో మారడోనా అని అరిచింది. ఆయన తల అడ్డంగా ఊపారు. ఆ గోల్ కొట్టింది మారడోనాతో పాటు అర్జెంటీనాకి ఆడిన బురుచాగా. రెండు గోల్స్ వెనకబడిన పశ్చిమ జర్మనీ 2-2 చేసేసింది. ఇంకో ఆరేడు నిమిషాల ఆట మిగిలి ఉంది. సెంటర్ దగ్గర మారడోనా చుట్టూ జర్మన్లు మూగారు. వాళ్ల మధ్యలోంచి ఒక్క తాకుతో బంతి ముందుకు వదిలాడు. అప్పటికే బురుచాగా పరుగు అందుకున్నాడు.

మాస్టారు సుద్దముక్కతో బోర్డు మీద ఇద్దరినీ గీసి, "గొప్ప పాస్ ఇచ్చాడు, నిజమే. ఆ రెండోవాడు కదలకుండా నిలబడి చెయ్యి ఊపుంటే ఆ పాస్ ఎవరికి?" అన్నారు. ఆ రోజు పద్యం జరగలేదు. వారం తిరక్కుండానే జట్టు బాధ్యత ఆయనకు అప్పగించారు. పంచె కట్టుకుని, గొడుగు పట్టుకుని గ్రౌండులోకి దిగిన కోచ్‌ని చూసి అవతలి స్కూళ్ల వాళ్లు నవ్వేవారు. మనం నవ్వలేదు. నాకు ఆ మాట ఇక్కడ నమోదు కావాలి.

ఆయనది కాకినాడ. కలకత్తా క్లబ్బు ఈస్ట్ బెంగాల్ ముందు వరుసలో ఆడిన అప్పారావుది కూడా కాకినాడే. మాస్టారు కాలేజీలో చదివే రోజుల్లో, అంటే 1949 నుంచి 51 దాకా, ఆ జట్టు కలకత్తాలో జరిగే ఐ.ఎఫ్.ఎ. షీల్డు టోర్నమెంటు వరసగా మూడేళ్లు గెలిచింది. వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే. కలకత్తా జనం వాళ్లను పంచపాండవులన్నారు. తెలుగు మాస్టారికి అంతకంటే ఏం కావాలి? అహ్మద్ ఖాన్ మన బెంగళూరు వాడు, ధనరాజూ మన బెంగళూరు వాడే. "మా ఊరివాడు బంతి వదిలితే మీ ఊరివాడు అందుకునేవాడు. ఎవరిది ఏ భాషో బంతికి తెలుసా? ఒకడు కదిలితే మిగతా నలుగురికీ తెలిసేది" అనేవారు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండానే ఫ్రాన్స్‌తో ఆడి 2-1తో ఓడారు. ఆ ఒక్క గోల్ కొట్టిన రామన్ కూడా బెంగళూరు ఆటగాడే. ఆ సంగతి ఆయన చెప్పేదాకా మనకెవరికీ తెలీదు.

ఆయన గురువుగా తలచుకునేది మాత్రం హైదరాబాదు రహీం సాబ్‌ని. 1956 మెల్‌బోర్న్‌లో మన దేశాన్ని ఒలింపిక్ సెమీస్‌కి, 1962 జకార్తాలో ఏషియన్ గేమ్స్ బంగారు పతకానికి నడిపించిన కోచ్. "ఆయనా బడిపంతులే" అని చెప్పేటప్పుడు మాస్టారి గొంతు మారేది. డ్రిబ్లింగ్ (ఒక్కడే బంతిని కాలితో తిప్పుకుంటూ పోవడం) నిషేధించి టోర్నమెంట్లు, బలహీనమైన కాలితోనే ఆడాలనే టోర్నమెంట్లు రహీం సాబ్ పెట్టించారట. మాస్టారు రెండూ మన మీద అమలు చేశారు.

ఆ ప్రాక్టీసులు ఎవరైనా మర్చిపోయారా? సున్నంతో గళ్లు గీసేవారు. గడికి నలుగురు బయట, బంతి లాక్కోవడానికి ఇద్దరు లోపల. రెండు తాకుల్లో బంతి వదిలేయాలి. మూడోసారి తాకితే లోపలికి పోవాలి. బంతి వదిలాక అదే చోట ఉన్నా లోపలికే. "ఇచ్చేసి కదలరా! ఇచ్చేసి చూస్తూ నిలబడతావేవిట్రా, అబ్బాయ్!" అన్న కేక మెయిన్ రోడ్డు దాకా వినిపించేది. తర్వాత నోళ్లు కట్టించారు. ఎవడూ అరవకూడదు. బంతి కావాలంటే, బంతి ఉన్నవాడికి కనబడేచోటికి పరుగెత్తాలి. మొదటి వారం ఆట నడవలేదు. రెండో వారం నుంచి తలలు లేవడం మొదలైంది. ఎందుకంటే చెవులతో పని లేదు, కళ్లతోనే వెతుక్కోవాలి. పాదం లోపలివైపుతో నేలబారున పాస్ ఇవ్వడం, అవతలివాడి కాళ్ల దగ్గరికి కాకుండా వాడు పరుగెత్తే దారిలోకి ఇవ్వడం, బంతి రాకముందే భుజం మీదుగా వెనక్కి ఒక చూపు. ఇవాళ పెద్ద అకాడమీల్లో డబ్బు కట్టించుకుని నేర్పేది ఇదే.

ఆ ఏడు మొదటి రౌండు దాటాం, రెండోదీ దాటాం. ఆస్టిన్ టౌన్ గ్రౌండులో సెమీస్. అవతలి జట్టు వాళ్లు పుట్టుకతోనే ఫుట్‌బాల్ ఆడేవాళ్లు, మనకంటే బలమైనవాళ్లు. హాఫ్‌టైమ్‌కి ఒక గోల్ తిన్నాం. మాస్టారు గొడుగు చివరతో మట్టిలో ఒకే ఒక్క గీత గీశారు, మన కుడి మూల నుంచి బయటికి.

రెండో హాఫ్‌లో పావురం బంతిని తన్నకుండా చేత్తో పెద్ద మూర్తికి దొర్లించాడు. పెద్ద మూర్తి నుంచి హాఫ్‌కి, అంటే మధ్య వరుసవాడికి, హాఫ్ నుంచి చిన్న మూర్తికి. చిన్న మూర్తికి ఎదురుగా ఒక్కడే ఉన్నాడు. అంతకుముందయితే వాణ్ణి తప్పించబోయేవాడే. నేను రైట్ ఔట్‌ని, అంటే ముందు వరుసలో కుడి అంచున ఆడేవాణ్ణి. నా మీద వాళ్ల లెఫ్ట్ బ్యాక్ ఉన్నాడు, ఆ టోర్నమెంటులో అందరికంటే మంచి బ్యాక్. నేను మూలజెండా వైపు పరుగు తీశాను. అతను నాతోపాటే వచ్చేశాడు. వెనక ఏర్పడ్డ ఖాళీలోకి బుల్లెట్ దూసుకొచ్చాడు, చిన్న మూర్తి తల ఎత్తి చూసి బంతి అక్కడికే వదిలాడు. గోల్. ఆ గోల్ కోసం నడిచిన ఆటలో బంతి ఒక్కసారీ నా కాలికి తగల్లేదు. జట్టంతా బుల్లెట్ మీద పడితే, మాస్టారు మాత్రం పంచె ఎగదోసుకుంటూ గీత వెంట నా వైపు పరుగెత్తుకొచ్చారు. నా భుజాలు పట్టుకుని ఊపేశారు. తర్వాత చాలా సన్మానాలు చూశాను. అలాంటిది ఇంకోటి లేదు.

చివర్లో కార్నర్ కిక్ మీద వాళ్లు రెండో గోల్ కొట్టారు. 2-1. రామన్ స్కోరే అన్నారు మాస్టారు. పదో తరగతి గురించి చెప్పడానికేం లేదు, చదివాం, పాసయ్యాం.

నేను నాన్నలాగే హెచ్‌ఏఎల్‌లో చేరాను. ఆయన ఫిట్టరుగా రిటైరయిన చోట ఇప్పుడు ఇంజనీర్లకు పై అధికారిగా ఉన్నాను. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య వారు కోచ్‌లకిచ్చే డి లైసెన్స్ కోర్సు కూడా పూర్తి చేశాను. శని, ఆదివారాలు పొద్దున్నే మా పేటలో పిల్లలకు నేర్పుతున్నాను, ఫీజు లేదు. ఈమధ్య మా వాళ్లిద్దరు రాష్ట్ర జూనియర్ శిబిరానికి వెళ్లారు. ఒకడు హాఫ్, ఒకడు బ్యాక్. 2023లో కర్ణాటక 54 ఏళ్ల తర్వాత రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ గెలిచినప్పుడు పిల్లలందర్నీ ఇంటికి పిలిచి ఫైనల్ చూపించాను. వాళ్లు ఫోనుల్లో చూసేవన్నీ డ్రిబ్లింగ్ తునకలే. అందుకే చేరిన ప్రతి పిల్లవాడికీ మొదట బురుచాగా గోల్ చూపిస్తాను. బంతిని కాదు, అతన్ని మాత్రమే చూడమంటాను.

సమ్మేళనం రోజు పాత విద్యార్థులకూ ఇప్పటి పిల్లలకూ మ్యాచ్ ఉందని కమిటీ వాళ్లు చెప్పారు. మన జట్టు నేను చూసుకుంటాను. పావురం గోల్‌లోనే, మూర్తులిద్దరూ పాత చోట్లలోనే. బుల్లెట్ దుబాయ్ నుంచి వస్తున్నాడు. ముందు రోజు సాయంత్రం నాలుగింటికి గ్రౌండులో సున్నం గళ్లు వేసి ఉంచుతాను. ఆడేవాళ్లంతా ప్రాక్టీసుకు రండి.