ముగ్గుపిండితో నీడ కొలిచిన సంక్రాంతి

గొడవ గీజర్‌తో మొదలైంది. డిసెంబర్ కరెంటు బిల్లు చేతిలో పట్టుకుని మా ఆయన, "సోలార్ పెట్టించినా బిల్లొస్తోందంటే పొద్దున్నే నువ్వేసే ఆ గీజరే" అన్నాడు. రెండు కిలోవాట్ల గీజర్ అరగంట నడిస్తే ఒక యూనిట్. బడికి పోయే హడావుడిలో నేను ఆ అరగంట కూడా వెయ్యను. ఒళ్లు మండి ఫోన్‌లో, సోలార్ రోజుకు ఎంత కరెంటు ఇస్తోందో చూపించే ఇన్వర్టర్ యాప్ తెరిచాను. దాన్ని చూసి నెలలైంది. ఆ రోజు వచ్చింది 8.6 యూనిట్లు. మేలో రోజూ 14 చూసిన కళ్లు ఇవి.

మాది హన్మకొండ, భీమారం వైపు. నిరుడు మేలో, డాబా సోలార్‌కు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ కింద పెట్టించాం. 540 వాట్ల ప్యానెళ్లు ఆరు, వాటి కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్ ఒకటి. దరఖాస్తు, వచ్చే యూనిట్లనూ పోయే యూనిట్లనూ లెక్కపెట్టే నెట్ మీటరు, ఖాతాలో 78,000 సబ్సిడీ పడటం, అదంతా అందరికీ తెలిసిన కథే. జూలై, ఆగస్టుల్లో ముసురు పట్టిన రోజుల్లో ఏడు, ఎనిమిది యూనిట్లకు పడిపోయింది. దానికి బాధ లేదు, మబ్బు కళ్లకు కనిపిస్తోంది కదా. డిసెంబర్‌లో ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. మరి ఎందుకు తగ్గినట్టు?

ముందు బిల్లు దగ్గరే తికమక పడ్డాను. యాప్‌లో నెల మొత్తానికి 270 చిల్లర ఉంటే, బిల్లులో ఎక్స్‌పోర్ట్ 161 అని ఉంది. మీటరు మా యూనిట్లు మింగేస్తోందనుకుని ఒక రాత్రంతా టెన్షన్. తర్వాత తెలిసింది, పగలు ఫ్రిజ్, మోటారు, మిక్సీ వాడుకున్నది వాడుకోగా గడప దాటి బయటికి పోయిన యూనిట్లనే ఆ మీటరు ఎక్స్‌పోర్ట్ కింద రాస్తుంది. రెండూ ఎప్పుడూ ఒకటి కావు. కాబట్టి ప్యానెళ్లు ఎలా పనిచేస్తున్నాయో తెలియాలంటే బిల్లు కాదు, యాప్ చూడాలి.

ప్యానెళ్లు బిగించిన వాళ్లకు ఫోన్ చేశాను. "గట్లనే ఉంటది మేడమ్, చలికాలం గదా, ఎండల పవరుండది" అన్నాడు అటునుంచి అబ్బాయి. సగం నమ్మాను. జూన్‌లో మనకు పగలు పదమూడు గంటలుంటే డిసెంబర్‌లో పదకొండే. కానీ మా స్కూల్ లెక్కల సారుది పరకాల. ఆయనకూ మూడు కిలోవాట్లే. స్టాఫ్‌రూంలో ఆయన ఫోన్ అడిగి చూస్తే 12.1. పరకాలకు వేరే సూర్యుడు లేడు కదా.

ఆదివారం పొద్దున్నే డాబా ఎక్కాను. ప్యానెల్ మీద వేలితో గీస్తే పలక మీద గీసినట్టు గీత పడింది. నవంబర్ నుంచి చినుకు లేదు. వరికోతల దుమ్ము, కరీంనగర్ రోడ్డు మీద ఏనుమాముల మార్కెట్‌కు పోయే పత్తి లోడ్ల దుమ్ము, అంతా వచ్చి కూర్చుంది. పైగా రాత్రి మంచు కురిసి ఆ దుమ్మును కిందికి జార్చి, ఫ్రేము అంచున రెండు వేళ్ల మందాన బురదగా పేర్చింది. మొత్తం ప్యానెల్ శుభ్రంగా కనిపిస్తున్నా కరెంటు పుట్టించే గడులు, అంటే సెల్స్, అడుగు వరుసలో మూసుకుపోయి ఉంటాయి. వాన కడిగేస్తుందనుకునేది వానాకాలం మాట, చలికాలంలో మన చెయ్యే పడాలి.

మెత్తటి గుడ్డ, నల్లా నీళ్లు. సబ్బు వద్దు. బోరు నీళ్లతో కడిగితే ఆరాక తెల్లటి ఉప్పు మరకలు పడతాయి, మా పక్కింటి వదిన వాళ్లవి అలాగే అయ్యాయి. ఎండెక్కాక వేడి అద్దం మీద చల్లనీళ్లు పొయ్యకూడదు కాబట్టి ఏడు లోపే ముగించాను. మర్నాడు 9.7. ఒక యూనిట్ కంటే ఎక్కువే పెరిగింది. సంతోషమే, కానీ పరకాల ఇంకా దూరంగానే ఉంది.

అప్పుడు మొత్తం అంకె వదిలేసి, రోజులో ఏ గంటకు ఎంత వచ్చిందో చూపించే గ్రాఫ్ తెరిచాను. మొదటి రోజే చూడాల్సింది. మధ్యాహ్నం పన్నెండున్నరకు 2.4 కిలోవాట్లు. మేలో కూడా దాదాపు అంతే! ప్యానెల్ మీద రాసిన వాట్లు సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి లెక్క. ఆ పైన వేడెక్కే ప్రతి డిగ్రీకీ సుమారు 0.35 శాతం తగ్గుతుంది. మేలో మన డాబాల మీద ప్యానెల్ అరవై దాటి కాలిపోతుంది. జనవరిలో ఎండ కాస్త తక్కువైనా ప్యానెల్ చల్లగా ఉండి ఆ లోటు చాలావరకు పూడ్చుకుంటుంది. అంటే ప్యానెళ్లకు రోగం లేదు, చలికాలపు ఎండకూ లేదు. పోయేదంతా పొద్దున పూటే. గ్రాఫ్ ఎడమవైపు ఎలుక కొరికిన జొన్నరొట్టెలా ఉంది. పొగమంచనుకున్నాను. కానీ మంచు తొమ్మిదికల్లా విడిపోతోంది, ఆ కొరుకుడు పదకొండు దాకా ఉంది.

భోగి రోజు సెలవు. వాకిట్లో ముగ్గు వేసి మిగిలిన పిండి గిన్నె పట్టుకుని డాబా ఎక్కాను. మా మెట్ల గది ఇంటికి ఆగ్నేయం మూల ఉంది, ఎనిమిదడుగుల ఎత్తు. దాని నెత్తిన నాలుగడుగుల నల్ల ట్యాంకు. తొమ్మిదింటికి ట్యాంకు నీడ కొస ఇరవై అడుగులు పాకి ముందు వరుసలో రెండు ప్యానెళ్ల అడుగు అంచు మీద పడుకుంది. నీడ అంచు వెంబడి ముగ్గు పోశాను. పదింటికి మళ్లీ ఒక గీత, పదకొండుకు ఇంకొకటి. అత్తమ్మ పైకొచ్చి చూసి, "ఇదేం ముగ్గే, వంకరటింకర" అంది. పదకొండుకు గానీ నీడ ప్యానెళ్లను వదల్లేదు.

నేను ఏడో తరగతికి సోషల్ చెప్తాను. దక్షిణాయనం, ఉత్తరాయణం ఏటా బోర్డు మీద గీస్తాను. అయినా ఇది తట్టలేదు. మే రెండో వారంలో వరంగల్‌లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిలబెట్టిన కర్రకు నీడ ఉండదు. ప్యానెళ్ల వాళ్లు టేపు పట్టుకుని డాబా కొలిచింది ఆ వారంలోనే. అప్పుడు ట్యాంకు నీడ ట్యాంకు కిందే ఉంది! భోగినాటికి సూర్యుడు దక్షిణానికి జరిగి, మధ్యాహ్నం కూడా యాభై డిగ్రీల ఎత్తు దగ్గరే ఆగిపోతాడు.

రెండు ప్యానెళ్ల అంచుకు నీడ పడితే ఇంత నష్టమా అంటే, ఆరూ ఒకే దండలో గుచ్చిన పూసలు. కరెంటు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పారాలి. ఒకటి మొరాయిస్తే ప్యానెల్ వెనక ఉన్న బైపాస్ డయోడ్ అడ్డదారి ఇస్తుంది గానీ, నీడ పడిన భాగం ఇచ్చే కరెంటు మొత్తంగా పోతుంది.

బిగించిన వాళ్లు వచ్చి ముగ్గు గీతలు చూసి, ప్యానెల్‌కు ఒక ఆప్టిమైజర్ పెట్టుకోమన్నారు, అంటే ఒకదాని మీద నీడ పడినా మిగతావి తగ్గకుండా చూసే చిన్న పెట్టె. నాకెందుకో అది కాలు నొప్పికి చెప్పులు మార్చినట్టు అనిపించింది. మా వీధి ప్లంబర్‌ను పిలిచి, వాయవ్యం మూల ఆరడుగుల ఇనుప స్టాండు వేయించి ట్యాంకును అక్కడికి దింపించాను. అటు నీడ పడినా ప్యానెళ్ల వైపు రాదు. స్టాండు, పైపులు, కూలీ కలిపి 7,500. తర్వాతి తేటైన రోజున యాప్‌లో 12.3. మెట్ల గది నీడ ఇంకా ఎనిమిదిన్నర దాకా అంచును తాకుతోంది, ఆ వేళకు వచ్చే కరెంటే తక్కువ కాబట్టి దాన్ని పట్టించుకోలేదు.

ట్యాంకు ఎత్తు తగ్గేసరికి పైఅంతస్తు బాత్రూంలో షవర్ ధార సన్నబడింది. బకెట్ నిండటం లేదని ఇప్పుడు మా ఆయనే గీజర్ అరగంట వేసుకుంటున్నాడు.