ఇచిగాయ నుంచి చోఫు దాకా: చచ్చిన రాయిని పోల్చుకోలేని ప్రోగ్రాములు

టోక్యోలో ఇచిగాయ స్టేషన్ దిగితే జపాన్ గో సంఘం, నిహోన్ కీన్, నడిచిపోయేంత దూరమే. గో అంటే నల్ల, తెల్ల రాళ్లతో ఇద్దరు పలక మీద చోటు కోసం పోటీపడే ఆట. బేస్‌మెంట్‌లో చిన్న మ్యూజియం, పైన ఎవరైనా వెళ్లి ఆడుకునే హాలు. ఖాళీ పలక ఒకటి చూసుకుని కూర్చున్నాను. పలక చతురస్రం కాదు. గడి వెడల్పు 22 మిల్లీమీటర్లు, పొడవు దాదాపు 23.7. ఆడేవాడు ఏటవాలుగా చూస్తాడు కాబట్టి ఆ కాస్త పొడవు. రాళ్లు మన పులిమేకలోలాగే గీతలు కలిసే చోట పెట్టాలి. 19 అడ్డగీతలు, 19 నిలువుగీతలు, 361 చోట్లు.

ఆ పలక మీద నేను చేసింది ఆట కాదు, లెక్క. ఆల్బర్ట్ జోబ్రిస్ట్ 1960ల చివర్లో అమెరికాలో రాసిన ప్రోగ్రాము, అప్పుడే ఆట నేర్చుకుంటున్న మనిషిని ఓడించగలిగింది. అందులోని లెక్కకు కాగితం, పెన్సిలు చాలు. నల్ల రాయికి +50, తెల్లదానికి -50, ఖాళీకి సున్నా. తర్వాత నాలుగు విడతలు: ప్రతి చోటా, పక్కన ఆనుకున్న నాలుగింటిలో ఎన్ని ధన సంఖ్యలుంటే అంత కలపాలి, ఎన్ని రుణ సంఖ్యలుంటే అంత తీసేయాలి. ఒక విడతలో పాత అంకెలే చూడాలి. కొత్తవి మధ్యలో వాడితే లెక్క ఒక పక్కకు ఒరుగుతుంది. పలక నడుమ ఒక్క నల్ల రాయే ఉంటే నాలుగో విడతకు దానికి 62, పక్కచోటుకు 10, అదే గీత వెంట ఆ తర్వాత వరుసగా 6, 2, 1. ఎవరి పట్టు ఎంత దూరం పాకిందో అంకెల్లో కనిపిస్తుంది. ముచ్చటైన లెక్కే.

ఇప్పుడు ఆ నల్ల రాయి చుట్టూ మూడు తెల్లరాళ్లు పెట్టండి. ఒక్క ఊపిరే, అంటే ఆనుకున్న ఖాళీ చోటు ఒక్కటే, మిగిలింది. తెల్లవాడు దాన్నీ మూస్తే ఆ రాయి పలక దిగిపోతుంది. కానీ లెక్కకు ఆ సంగతి పట్టదు. పోబోయే రాయీ బతికిన రాయిలాగే +50తో మొదలవుతుంది. తొలి ప్రోగ్రాములను మనుషులు పట్టుకున్నది ఎక్కువగా ఇక్కడే. డేవిడ్ ఫోట్లాండ్ రాసిన ‘మెనీ ఫేసెస్ ఆఫ్ గో’కు 1998లో మార్టిన్ ముల్లర్ అనే ఆటగాడు 29 రాళ్లు ముందే పలక మీద పెట్టుకోనిచ్చి కూడా గెలిచాడు. చదరంగంలోలాగా ముందుకు వెతుకుదామంటే, మొదటి రెండు ఎత్తులకే 361 × 360, అంటే 1,29,960 దారులు.

పలక మీది ఆటను కంప్యూటర్‌కు ఎక్కించేటప్పుడు ఇంకో తిప్పలు. నిలువుగీతల పేర్లు ‘ఏ’ నుంచి ‘టీ’ దాకా, కానీ ‘ఐ’ ఉండదు. నడిమి చోటు కే10. అలవాటుగా ‘ఐ’ని కూడా లెక్కపెట్టినవాడు జే10 అని కొడతాడు, రాయి ఒక గీత ఎడమకు పడుతుంది. అక్కడి నుంచి తెర మీద ఒక ఆట, పలక మీద మరో ఆట.

ఇచిగాయలోనే తోయే షింజుకు లైను ఎక్కితే చోఫుకు నేరుగా వెళ్లొచ్చు, అయితే బండి ఎక్కడిదాకానో బోర్డు చూడాలి. హషిమోతో అని ఉంటే సరే. కొన్ని షింజుకులోనో ససజుకాలోనో ఆగిపోతాయి. చోఫు స్టేషన్ 2012 నుంచి భూగర్భంలో ఉంది. పైకొచ్చి ఉత్తరం వైపు ఐదు నిమిషాలు నడిస్తే ఎలక్ట్రో-కమ్యూనికేషన్స్ విశ్వవిద్యాలయం. 2007లో ఇక్కడ గో ప్రోగ్రాముల పోటీ, యూఈసీ కప్, మొదలైంది. తొలి విజేత రెమి కూలోమ్ రాసిన ‘క్రేజీ స్టోన్’.

దాని పద్ధతి వేరు. పట్టును అంకెల్లో కొలవడానికి బదులు, ఉన్న స్థితి నుంచి ఆటను దాదాపు గుడ్డిగా చివరిదాకా వేలసార్లు ఆడి, ఏ ఎత్తు ఎక్కువసార్లు గెలిపించిందో చూస్తుంది, మంచిగా తేలిన దారినే మళ్లీ మళ్లీ తవ్వుతుంది. చచ్చిన రాయిని ఎవరూ పోల్చి చెప్పక్కర్లేదు, ఆ ఆటల్లో చాలావాటిలో అదే పలక దిగిపోతుంది. 2013 మార్చిలో నాలుగు రాళ్లు ముందు తీసుకుని ‘క్రేజీ స్టోన్’ వృత్తి ఆటగాడు ఇషిదా యోషియోను ఓడించింది. తప్పులేని లెక్కల వల్ల, వయసులో ఉన్నప్పుడే ఆయనకు ‘కంప్యూటర్’ అని పేరు పడింది.

అయినా చిక్కు ఒకటి మిగిలింది. రెండు గుంపులు ఒకదాని ఊపిరి ఒకటి తీసుకునే పందెంలో ఒకే ఒక్క వరుస సరైనది. గుడ్డిగా ఆడితే ఆ వరుస కుదరడం అరుదు. పోవాల్సిన గుంపు సగం ఆటల్లో బతికిపోయి, ప్రోగ్రాము తానే గెలుస్తున్నానని నమ్ముతుంది.