నాలుగు పెట్టెల చందువలు

మాది కళింగపట్నం. మా నాన్న చందువలను హౌరాకు రైల్లోనే పంపేవాడు. వెదురు బుట్ట, అడుగున ఊక, చేపల మధ్య ఐసు, పైన గోనె కుట్టు. పోయిన డిసెంబరులో నేనూ ఆ దారే పట్టాను. చల్లటి కంటైనర్ లారీ వాళ్లు టన్నుల్లో మాట్లాడతారు. నా దగ్గరున్నవి నాలుగు థర్మకోల్ పెట్టెలు.

పెట్టెకి ఇరవై కిలోల చేప, ఇరవై కిలోల ఐసు. ముక్కలు పెద్దవైతే చేప ఒళ్లు గీసుకుపోతుందని అమ్మ ఐసును గోనెలో వేసి కర్రతో నుగ్గు చేసింది. మొప్పల దగ్గర మరో గుప్పెడు వేయించింది. పాడవడం అక్కడే మొదలవుతుంది.

పార్శిల్ ఆఫీసులో మొదటి ప్రశ్న: "నీళ్లు కారతాయా బాబూ?" ఉప్పునీళ్లు బోగీ ఇనుమును తినేస్తాయి, అడగడం న్యాయమే. లోపల ప్లాస్టిక్ కవరు వేసి, టేపు మళ్లీ చుట్టి తెచ్చాను. ఫారం, తూకం, పెట్టెల మీద అడ్రసు, రసీదు గంటలో అయిపోయాయి. అసలు టెన్షన్ ప్లాట్‌ఫాం మీదే. బండి ఆగేది రెండు నిమిషాలు. పార్శిళ్లు ఎక్కించే బ్రేక్ వ్యాన్ తలుపు తీస్తే లోపల పైదాకా మూటలు. రెండు పెట్టెలు ఎక్కాయి. మూడోది హమాలీ చేతుల్లో ఉండగానే బండి కదిలింది.

మిగిలిన రెండింటికీ రాత్రి ఐసు మార్చి మర్నాడు ఎక్కించాను. వాటిలో చేప కళ్లు లోపలికి పోయాయని హౌరా షావుకారు ఫోన్ చేశాడు. కన్ను చూసే ధర కడతారు. ఆ రెండు పెట్టెలకీ సగం రేటే వచ్చింది.

2020 ఆగస్టు 7న మహారాష్ట్రలోని దేవ్‌లాలి నుంచి బీహార్‌లోని దానాపూర్‌కు, త్వరగా పాడయ్యే సరుకు మోసే మొదటి కిసాన్ రైలు కదిలినప్పుడు ఎంత ఆశపడ్డానో! 17 టన్నులు పట్టే శీతల వ్యాన్లు తొమ్మిది చేయించారని అప్పట్లో చదివాను. ఇంత దేశానికి తొమ్మిది! నిజానికి మాలాంటి వాళ్లకి అంత పెద్దది అక్కర్లేదు. స్టేషన్లో ఒక చిన్న చల్లగది, రోజూ వెళ్లే బండిలో చేపకని కొంచెం చోటు ఉంటే చాలు.

ఇప్పుడు అయిదుగురం కలిసి లారీ మాట్లాడుకుంటున్నాం. అది నిండేదాకా ముందు పట్టిన చేప ఐసులోనే పడి ఉంటుంది. ఈ వారం నా పెట్టెలు మూడో రోజుకి కదిలాయి.