లైటు వెలిగితే ఫిల్టర్ పోయినట్టేనా?

బెంగళూరు మారతహళ్లి రద్దీలో మా డీజిల్ కారుకు పసుపుపచ్చ ఇంజిన్ లైటు వెలిగింది. బండిలో ఊపు తగ్గింది. వర్క్‌షాపులో బానెట్ కూడా ఎత్తకుండానే “డీపీఎఫ్ మార్చాలి సార్” అన్నారు, అంటే డీజిల్ పొగలోని మసిని పట్టి ఉంచే ఫిల్టర్‌ను. నాడి చూడకుండా మందు రాసినట్టు!

మా వీధి చివర మదనపల్లె నుంచి వచ్చి స్థిరపడిన మెకానిక్ ఒకరున్నారు. ఆయన స్టీరింగ్ కింద, బండి లోపాల కోడ్లు చదవడానికి ఉండే ఓబీడీ సాకెట్‌కు స్కానర్ తగిలిస్తే పీ2452 అని వచ్చింది. ఫిల్టర్ నిండిందని చెప్పే కోడు కాదది. ఫిల్టర్‌కు ముందు, వెనుక ఉండే పీడనాల తేడాను కొలిచే సెన్సర్ సర్క్యూట్‌లో లోపం ఉందని అర్థం.

“ఇంజిన్ ఆపి, ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేయండి సార్. ఇప్పుడు తేడా సున్నా దగ్గర ఉండాలి” అన్నారు. లేదు. కనెక్టర్ ఊడదీస్తే పిన్నుల నిండా పచ్చటి చిలుము. శుభ్రం చేసి, సెన్సర్‌కు వెళ్లే సన్నటి గొట్టాలు పగల్లేదని చూసి, మళ్లీ బిగించారు. రీడింగ్ దారికి వచ్చింది. చెరిపేసిన కోడు ఇంతవరకూ తిరిగి రాలేదు.

ఒక్క హెచ్చరిక మాత్రం చేశారు. ఫిల్టర్‌లోని మసి కాలాలంటే దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి, సిల్క్‌బోర్డు దగ్గర పాకుతుంటే అది ఎక్కడి నుంచి వస్తుంది? అప్పుడప్పుడు హైవేపై ఆగకుండా నడపాలట. ఈ ఆదివారం లేపాక్షి వెళ్దామనడానికి ఇంట్లో వాళ్లకు ఆ మాట చాలింది.