ఎంగిలాకు దాకా వచ్చిన ప్రశ్న

షికాగోలో ఆదివారం పూట మా అమ్మాయితో తెలుగు చదివించడం మా ఇంట్లో కొన్నేళ్లుగా ఉన్న అలవాటు. ఈసారి 1950లో పుస్తకంగా వచ్చిన శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’లోంచి ‘భిక్షువర్షీయసి’ తీశాను. దారిపక్క చెట్టు కింద జబ్బుపడి మూలుగుతున్న ముసలి బిచ్చగత్తె గురించిన చిన్న గేయమే కదా, గంటలో తేలిపోతుందనుకున్నాను.

ఆమెను ఆరిన కుంపటితో పోల్చిన చోటే ఆగిపోయాం. ఫైర్‌ప్లేస్ మాత్రమే తెలిసిన పదమూడేళ్ల పిల్లకు ఆరిన కుంపటి ఎలా ఉంటుందో చెప్పి, నెరిసిన తలను ముగ్గుబుట్టతో ఎందుకు పోల్చారో చూపడానికి పాత సంక్రాంతి ఫొటోలు వెతకవలసి వచ్చింది. ‘రానున్నది చలికాలం’ అన్న పాదానికి మాత్రం నేను చెప్పవలసిందేమీ లేకపోయింది. విశాఖలో పెరిగిన నాకు చలికాలమంటే దుప్పటి ముసుగుతన్ని ఇంకాసేపు పడుకోవడమే కనుక ఆ పాదాన్ని ఎన్నడూ పట్టించుకోలేదు గాని, జనవరిలో వంతెన కింద ఇల్లులేనివాళ్ల గుడారాలు చూసిన మా అమ్మాయి, “అంటే ఆవిడ చచ్చిపోతుందనే కదా, నాన్నా?” అంది.

పెద్దవాళ్లను ‘గారు’ అనాలని నేర్పిన నేనే ‘ముసిల్దొకతె’ అన్న మాట చదివించడం దానికి నచ్చలేదు. దారిన పోయేవాళ్ల చూపు అదేనని సమర్థించుకున్నాను గాని, ఆమెను ‘అవ్వ’ అన్నది వెర్రిగాలి ఒక్కటేనని అది వేలు పెట్టి చూపించేదాకా నేను గమనించలేదు.

ఆ అవ్వ మరణిస్తే పాపమెవరిదని గాలి అడిగితే ఎముక కొరుక్కుంటున్న కుక్క పలకదు, తొండ తప్పుకుంటుంది, ఎంగిలాకు ఎగిరివచ్చి తనది కాదంటుంది. పాపం సమాజానిదని, మా తరం పరీక్షల్లో రాసే జవాబునే సిద్ధం చేసుకుని కూర్చున్నాను. పైగా ఎంగిలాకును ‘వాడేసిన పేపర్ ప్లేటు’ అని చెప్పేశాను. ఆ మాటలో ప్లేటు మిగిలి ఎంగిలి పోయింది. విస్తట్లో ఎవరో కడుపునిండా తిని, చెయ్యి కడుక్కుని, ఆకును వీధిలోకి విసిరేశారని మళ్లీ వివరిస్తే, కాసేపు పుస్తకం చూసి, “ఇందులో ఆవిడ తప్ప మనుషులే లేరు. తిన్నవాళ్లు ఆకు పారేసి వెళ్లిపోయారు. కుక్క నోట్లో ఎముక కూడా వాళ్లదేనేమో” అంది.

అంతవరకూ ఎముకను కుక్కకు చెందిన వివరంగానే చదువుతూ వచ్చిన నేను, కళ్లజోడు తీసి తుడుచుకుని, ఆ పాదం మరోసారి చదివాను.