టోంగెరెన్ ఆదివారపు సంత నుంచి లిస్బన్ దొంగల సంత దాకా

ఐరోపాలో ఏ పాత పట్టణానికి వెళ్లాలనుకున్నా, అక్కడ పాత వస్తువుల సంత ఏ రోజున జరుగుతుందో తెలుసుకున్న తరువాతే నేను రైలు టికెట్టు కొంటాను. ఆ ఊరిని ఎవరు ఏలారో, ఎవరి మీద యుద్ధం చేశారో కోటగోడలూ చర్చిలూ చెబుతాయి. ఆ ఊరి ఇల్లాలు పంచదార ఎంత పెద్ద డబ్బాలో పోసుకునేదో, పెళ్లికి ముందు తువ్వాళ్ల మీద ఏ అక్షరాలు కుట్టుకునేదో మాత్రం సంతలోనే తెలుస్తుంది. ఒకే పూటలో రెండూ చూసినప్పుడే నాకు ఊరు చూసినట్టుంటుంది.

ఈ అలవాటు బెల్జియంలోని టోంగెరెన్‌లో మొదలైంది. రోమన్ల కాలంలో అటువాటుకా తుంగ్రోరుమ్ అనే పేరుతో వెలసిన ఆ పట్టణం బెల్జియంలో అన్నిటికన్నా పాతదని చెప్పుకుంటారు. క్రీ.పూ. 54లో సీజర్ సేనలను దెబ్బతీసిన స్థానిక తెగ నాయకుడు అంబియోరిక్స్ విగ్రహం 1866 నుంచి ఊరి నడిబొడ్డున నిలబడి ఉంది. ప్రతి ఆదివారం ఉదయం ఏడింటి నుంచి మధ్యాహ్నం ఒంటిగంట వరకు, మధ్యయుగపు కోటగోడ వారగా సాగే లియోపోల్డ్‌వాల్ వీధిలోనూ చుట్టుపక్కలా సంత పరుచుకుంటుంది. నేను చలికాలంలో వెళ్లాను. ఇంకా తెల్లవారకముందే వర్తకులు టార్చిలైట్లతో ఒకరి పెట్టెల్లోకి ఒకరు తొంగిచూస్తూ, తమలో తామే బేరాలు ముగించుకుంటున్నారు. మంచి వస్తువులు కొన్ని ఆ చీకట్లోనే చేతులు మారిపోతాయి కాబట్టి, పొద్దెక్కాక తీరుబడిగా వెళ్లేవారికి మిగిలేది రెండో వడపోత మాత్రమే.

ఆ ఉదయం నన్ను ఆపింది ఒక నారబట్ట తువ్వాలు. అవిసె నారతో నేసిన ఆ బట్ట ఎన్నో ఉతుకులకు మెత్తబడి, మడతల దగ్గర మాత్రం కొంచెం పలచబడింది. ఒక మూల ఎర్ర దారంతో, అడ్డుకుట్టుతో (క్రాస్ స్టిచ్) రెండు అక్షరాలు, వాటి కింద 7 అనే అంకె ఉన్నాయి. ఆ అంకె ఎందుకని అడిగితే, అమ్ముతున్న పెద్దావిడ పక్కనున్న కట్ట విప్పి చూపించారు: అవే అక్షరాలతో 4, 9, 11 అంకెలున్న తువ్వాళ్లు. అమ్మాయి అత్తవారింటికి తీసుకువెళ్లే బట్టలను డజన్ల లెక్కన సిద్ధం చేసేవారు. ఒక్కొక్కటీ సమానంగా అరగాలని వరుస అంకెలు కుట్టి, ఆ వరుసలోనే వాడుకునేవారు. కలిగిన ఇళ్లలో పెద్ద ఉతుకు ఏడాదికి కొన్నిసార్లే జరిగేది కాబట్టి అన్ని డజన్లు అవసరమయ్యేవి. బట్టను తిరగేసి చూశాను. వెనకవైపు కూడా ముడి కనిపించకుండా కుట్టు ముందువైపు ఉన్నంత శుభ్రంగానే ఉంది. ఆమె అడిగిన ధరకు బేరమాడకుండా కొన్నాను. ఎవరో ఒక అమ్మాయి దీపం వెలుగులో కూర్చుని కుట్టిన పనికి ధర తగ్గించమనడానికి నాకు నోరు రాలేదు.

అదే వీధిలో కొంత ముందుకు వెళ్లాక ఒక పొరపాటు చేశాను. జర్మన్ చెంచాల జత మీద 90 అనే ముద్ర చూసి వెండి శాతమేమోననుకుని ఎక్కువ డబ్బు పెట్టి కొన్నాను. ఆ అంకె వెండిపూతకు గుర్తు. అసలు జర్మన్ వెండి వస్తువుల మీద 1888 నుంచి నెలవంక, కిరీటం ముద్రలు, 800 వంటి అంకె ఉంటాయి. ఫ్రెంచి వెండి మీద 1838 నుంచి శిరస్త్రాణం ధరించిన మినర్వా దేవత తల ఉంటుంది. ఆ రోజు తరువాత చిన్న భూతద్దం నా సంచిలో ఎప్పుడూ ఉంటోంది.

వీటిని ఫ్లీ మార్కెట్లని పిలవడం పారిస్ నుంచి వచ్చిందంటారు. పాత పరుపుల్లోనూ బట్టల్లోనూ దాగి కుట్టే ‘ఫ్లీ’ అనే పురుగుల పేరే ఆ సంతలకు స్థిరపడింది. 1883లో పారిస్ పాలనాధికారి యూజెన్ పూబెల్ ఇంటింటికీ చెత్తడబ్బా తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు ఇవ్వడంతో, వీధిచెత్త ఏరి బతికేవారి జీవనానికి దెబ్బ తగిలింది. నగర ప్రాకారం వెలుపల వారు పెట్టుకున్న అంగళ్లే సెంట్‌ఉవాన్ సంతగా ఎదిగాయి. 1885ను దాని అధికారిక ఆరంభంగా చెబుతారు. ఈ రోజు అక్కడ చాలా దుకాణాలు ఖరీదైన పురాతన వస్తువులకే పరిమితమయ్యాయి. నాకు ఫ్రెంచి పల్లెల్లో జరిగే ‘వీద్‌గ్రెనియే’ సంతలే ఎక్కువ ఇష్టం. ఆ మాటకు అటక ఖాళీ చేయడమని అర్థం. వర్తకులు కానివారు అలాంటి అమ్మకాల్లో ఏడాదికి రెండుసార్లకు మించి పాల్గొనకూడదని చట్టం ఉంది కాబట్టి, అక్కడి బల్లల మీద నిజంగా ఇళ్లలోంచి వచ్చినవే ఎక్కువగా కనిపిస్తాయి. పిండి, పంచదార, కాఫీ, టీ, మసాలా అని పేర్లు రాసి, ఒకదాని కన్నా ఒకటి చిన్నదిగా వరుసలో నిలిచే ఎనామెల్ డబ్బాలను నేను మొదట అక్కడే చూశాను. అన్నిటికన్నా చిన్నది మసాలాకు.

బ్రస్సెల్స్‌లోని మరోల్ పేటలో 1873 నుంచి జరుగుతున్న సంత వీటన్నిటికన్నా మనసును కలచివేస్తుంది. ప్లాస్ ద్యు జ్యూ ద బాల్ అనే ఆ కూడలిలో ప్రతిరోజూ, రాతి పలకల మీద నేరుగా, ఎవరో చనిపోయాక ఖాళీ చేసిన ఇంటి సామానంతా గుమ్మరిస్తారు. కళ్లజోళ్లు, తాళంచెవులు, సగం వాడిన దారపుకండెలు, కుటుంబ ఫోటోల ఆల్బములు అన్నీ ఒకే అట్టపెట్టెలో ఉంటాయి. ఆల్బములు నేను కొనను, కానీ ప్రతిసారీ తెరిచి చివరి పుట దాకా చూస్తాను. 2014లో ఆ కూడలి కింద కార్ల పార్కింగు కట్టాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు పేటవాసులూ వర్తకులూ ఒక్కటై ఎదిరించారు, నగర పాలకులు దాన్ని విరమించుకున్నారు. ఆ గెలుపు వల్లనే సంత ఇప్పటికీ అక్కడే ఉంది.

ఇటలీలోని అరెత్సోలో పాత వస్తువుల వర్తకుడు ఇవాన్ బ్రుస్కి 1968లో ప్రారంభించిన సంత ప్రతి నెలా మొదటి ఆదివారం, దానికి ముందు రోజు శనివారం జరుగుతుంది. వాలుగా ఉండే పియాత్సా గ్రాందె కూడలి, వాస్తుశిల్పి వసారి రూపొందించిన పొడవాటి స్తంభాల వసారా, ఆ నీడలో బల్లలు ఎంతో అందంగా ఉంటాయి. వస్తువులు చాలావరకు నా స్తోమతకు మించినవి.

లిస్బన్‌లో మంగళ, శనివారాల్లో జరిగే ఫెయిరా ద లాద్రా పేరుకు దొంగల సంత అని అర్థం చెబుతారు. పక్కనే ఉన్న సావ్ విసెంత్ ద ఫోర మఠంలో గోడల నిండా అతికించిన 18వ శతాబ్దపు నీలి పలకలను (టైల్స్) చూసి సంతలోకి దిగాను. ఒక దుప్పటి మీద పోర్చుగీసులో అజులేజులనే అలాంటి పాత పలకలే, నాలుగు కలిపి ఒక పువ్వయ్యేలా పేర్చి ఉన్నాయి. తీసుకుందామని వంగి ఒకదాన్ని తిరగేశాను. వెనక గోడ సున్నం గడ్డకట్టి అంటుకుని ఉంది, ఒక అంచు ఉలి దెబ్బకు కొత్తగా పెచ్చులూడి తెల్లగా మెరుస్తోంది. పాత భవనాల నుంచి పలకల దొంగతనాలు పెరిగిపోవడంతో నేర పరిశోధక పోలీసు విభాగపు మ్యూజియం 2007లో ‘ఎస్ఓఎస్ అజులేజు’ అనే రక్షణ కార్యక్రమం చేపట్టిందనీ, 2017 నాటి చట్టం భవనాల ముందువైపు గోడల పలకలను ఊడదీయడాన్ని దేశమంతటా కట్టడి చేసిందనీ అప్పటికే చదివి ఉన్నాను. ఈ నాలుగు ఎక్కడి నుంచి వచ్చాయో అమ్మేవాడిని అడిగితే అతను భుజాలు ఎగరేశాడు. పలకను దాని చోటులో పెట్టేసి అల్ఫామా అనే పాత పేట సందుల్లోకి నడిచాను. ఒక పాత ఇంటి గోడ మీద, చేతికి అందే ఎత్తు వరకు పలకలు లేవు. పైన పువ్వులు వరుసగా సాగుతున్నాయి, కింద బూడిదరంగు సిమెంటులో చదరపు గుర్తులు మాత్రం మిగిలి ఉన్నాయి.