అందం కాదు, అందడం

అప్లైడ్ ఆర్ట్‌లో, అంటే బోర్డులకూ ప్రకటనలకూ డబ్బాలకూ అక్షరాలు, బొమ్మలు వేసే చదువులో, చేరేనాటికే మా బ్యాచ్‌లో అందరికీ చెయ్యి తిరిగింది. వీక్లీల్లో బాపు గారి బొమ్మలు చూసి దించినవాళ్లు, వినాయక చవితి పందిళ్లకు బ్యానర్లు రాసినవాళ్లు. పెయింటింగ్ వాళ్లు మమ్మల్ని ‘బోర్డులు రాసేవాళ్లు’ అని ఏడిపించేవారు. అందులో తిట్టేముందో నాకిప్పటికీ తెలీదు.

మొదటి ఏడాదంతా పోస్టర్ కలర్లు, ట్రేసింగ్ షీట్లతోనే గడిచిపోయింది. నా చూపు మారింది మాత్రం గుర్తుల మీద సారు చెప్పిన క్లాసులో. 1951-52లో మొదటి సాధారణ ఎన్నికలు జరిగేనాటికి దేశంలో చదువొచ్చినవాళ్లు నూటికి 18 మంది. పేర్లు రాసి పెడితే చదివేదెవరు? అందుకని అభ్యర్థికో పెట్టె పెట్టి, దాని మీద గుర్తు అంటించారు. జోడెద్దులు, కంకి కొడవలి, గుడిసె. “వీటిలో ఒక్కటైనా గొప్ప బొమ్మా?” అన్నారు సారు. ఎవరం అవుననలేదు. కానీ మా నాయనమ్మ పోయేదాకా కాంగ్రెస్ పార్టీ పేరు పలకలేదు, “జోడెద్దులోళ్లు” అనే అనేది.

తర్వాత నాకో కంటి ఆసుపత్రి బోర్డుల పని ఇచ్చారు. ముందు గీయొద్దు, వెళ్లి కూచోమన్నారు. కూచున్నాను. చుక్కల మందు వేయించుకున్నవాళ్లు నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నడుస్తున్నారు. కంటిపాప విచ్చుకుని ఉంటుంది కాబట్టి వెలుతురు పొడుస్తుంది, చేతిలో చీటీ అలుక్కుపోతుంది. గోడ మీద నున్నటి తెల్ల బోర్డులేమో ట్యూబ్‌లైటు కింద తళతళలాడుతున్నాయి. దాంతో అందరూ వాచ్‌మన్‌నే అడుగుతున్నారు. ఆ ఆసుపత్రికి అసలు బోర్డు ఆయనే!

అందుకే మెరుపు లేని ముదురాకుపచ్చ మీద లేత పసుపు అక్షరాలు, బెత్తెడు ఎత్తున వేశాను. చిక్కంతా ‘శస్త్రచికిత్స’ దగ్గర వచ్చింది. స కింద త, ర వత్తులు రెండూ ఇరుక్కుని, నాలుగు గజాల అవతలికి మచ్చలా కనిపిస్తాయి. ‘ఆపరేషన్ గది’ అని రాసి, పక్కన పెద్ద అంకె వేశాను. ఇంగ్లిషుకు సరిపోయే వరుసల ఎడం తెలుగుకు చాలదు, పై వరుస వత్తు కింది వరుస గుడికి తగులుతుంది. ల్యాబ్‌లో ‘అను’ అనే తెలుగు ఫాంట్లను అడ్డంగా నొక్కి ఇరికించే అలవాటున్న మాకు ఈ సంగతి కంప్యూటర్ చెప్పలేదు, వరండా చెప్పింది. నమూనాను ఒక చివర అంటించి, రెండో చివర నిలబడి కళ్లు సగం మూసి చూడమనేవారు సారు. అప్పటికీ కనిపిస్తే మార్కులు.

ఇప్పుడు నా పని మందుల డబ్బాల మీద. గడువు తేదీని వెండిరంగు రేకు మీద రంగు లేకుండా నొక్కేసే కంపెనీలతో ఏళ్లుగా వాదిస్తూనే ఉన్నాను. కొన్ని వింటాయి, కొన్ని ఖర్చంటాయి.

మన కాలేజీ ఈ సంచిక పేజీలు దిద్దుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఫొటోల కింద పేర్లు మరీ చిన్నవి చేయకండి. మా బ్యాచ్‌కి చత్వారం వచ్చేసింది.